కుక్కతో పొద్దున్నే పిట్టలు చూడాలంటే: వరంగల్ చుట్టుపక్కల ఎక్కడికి వెళ్లొచ్చు, ఎక్కడికి వద్దు

కుక్కను పెంచుకుంటూ పిట్టలంటే కూడా ప్రాణం పెట్టేవాళ్లు వరంగల్, హనుమకొండల్లో ఈ మధ్య బాగానే కనిపిస్తున్నారు. మెడలో బైనాక్యులర్, చేతిలో లీష్, జేబులో బిస్కెట్లు. కొత్తగా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ వచ్చే సందేహం ఒకటే, ఎక్కడికి తీసుకెళ్లాలి? ఊళ్లోని చెరువు కట్టకా, కోట మట్టిగోడ మీదికా, ధర్మసాగర్ వైపు పొలాల్లోకా, ఇనుపరాతి గుట్టల అడవికా, లేక తెల్లవారుజామునే బండి తీసి పాకాల దాకా పోవాలా? నా సలహా ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెప్తాను. కుక్క వెంట ఉన్న రోజు అడవి అంచు వరకే వెళ్లండి, లోపలికి వద్దు. లోపలి పిట్టలను చూడాలని ఉంటే కుక్కను ఇంట్లో ఉంచి ఇంకో రోజు వెళ్లండి.

"మా కుక్క చాలా మంచిది, పిట్టల జోలికే పోదు" అని అందరూ అంటారు, అది నిజమే కావచ్చు కూడా. కానీ ఆ సంగతి పిట్టకు తెలియదు కదా. నేల మీద తిరిగే కౌజుకో పూరేడుకో ముక్కు నేలకు ఆనించి నాలుగు కాళ్ల మీద వచ్చే ఏ జంతువైనా నక్క కిందే లెక్క. ఆస్ట్రేలియాలో సిడ్నీ శివార్ల అడవి దారుల్లో ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీష్ వేసి కుక్కను నడిపించిన దారుల్లో, ఎవరూ నడవని దారులతో పోలిస్తే, కనిపించిన పక్షి జాతులు 35 శాతం, మొత్తం పక్షులు 41 శాతం తగ్గాయి. కుక్క లేకుండా మనుషులు మాత్రమే నడిచిన చోట ఆ ప్రభావం చాలావరకు సగం కంటే తక్కువే. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తగిలింది నేల మీద తిరిగే పిట్టలకు. ఇంకో ముఖ్యమైన విషయం, రోజూ కుక్కలు తిరిగే దారుల్లో కూడా పిట్టలు వాటికి అలవాటు పడలేదు, అక్కడా అంతే భయపడ్డాయి. కాబట్టి "రోజూ వెళ్తుంటే అవే అలవాటు పడతాయిలే" అనే మాట అడవి దారి విషయంలో పనికిరాదు.

మరి కుక్కతో పిట్టలు చూడటం మానేయాలా అంటే, అక్కర్లేదు. చోటు సరిగ్గా ఎంచుకుంటే చాలు. నేను ఏ చోటు గురించి ఆలోచించినా ముందు వేసుకునే ప్రశ్న ఒకటుంది, కుక్కకూ పిట్టకూ మధ్య ఏముంది? మధ్యలో నీళ్లున్నా, ఎత్తున్నా, బాగా ఖాళీ జాగా ఉన్నా సరిపోతుంది. చెరువు మధ్యలో ఈదే నీటికాకికి కట్ట మీది కుక్కతో పని లేదు. కరెంటు తీగ మీది పాలపిట్ట, తాటిచెట్టు మీది గిజిగాడు కింద కుక్క పోతున్నా పెద్దగా పట్టించుకోవు. అడవిలో కాలిదారి మీద అలా కాదు, దారి వెడల్పు రెండు గజాలు, పొద మీ మోచేతికి తగులుతుంటుంది, పిట్ట ఆ పొదలోనే ఉంటుంది. మధ్యలో ఏమీ ఉండదు. ఇక చోట్ల సంగతి చూద్దాం.

ఊళ్లోని చెరువు కట్టలు

కాజీపేట, హనుమకొండ మధ్య ఉండేవాళ్లకు వడ్డేపల్లి చెరువు, వరంగల్ వైపు వాళ్లకు భద్రకాళి చెరువు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, టీకాలు పూర్తయిన పిల్ల కుక్క ఉన్నవాళ్లకు, ముసలి కుక్క ఉన్నవాళ్లకు ఇంతకంటే సులువైన చోటు లేదు. కట్ట చదునుగా ఉంటుంది, ముళ్లు తక్కువ, పామును దూరం నుంచే చూడొచ్చు, ఏదైనా అయితే డాక్టరు దగ్గరికి పది పదిహేను నిమిషాల్లో చేరతారు. నీటికాకులు, తెల్ల కొంగలు, బుడబుంగలు, లకుముకి పిట్టలు, తామరాకుల మీద నడిచే జకానాలు, తూడు పొదల్లో నీలంగా ఎర్రముక్కుతో తిరిగే స్వాంప్‌హెన్‌లు, ఇవన్నీ ఒకే చోట నిలబడి చూడొచ్చు. పిట్టల పేర్లు నేర్చుకోవడానికి నీటిపక్షులు మంచి గురువులు, పెద్దగా ఉంటాయి, నిలకడగా ఉంటాయి, ఆకుల వెనక దాక్కోవు.

ఇబ్బందులు రెండు. మొదటిది జనం. ఆరు దాటితే వాకింగ్ వాళ్లు, యోగా వాళ్లు, పాటలు పెట్టుకుని నడిచేవాళ్లు, వీళ్లలో కుక్కంటే భయపడేవాళ్లు కచ్చితంగా ఉంటారు. వాళ్లు పక్కకు తప్పుకునే దాకా ఆగకుండా మీరే ముందుగా కట్ట అంచుకు జరిగి కుక్కను కూర్చోబెట్టండి. పార్కులా చేసిన భాగాల్లో గేటు దగ్గరి బోర్డు చదవండి, పెంపుడు జంతువులకు ప్రవేశం లేదని ఉంటే వాదించొద్దు, పక్కన మామూలు రోడ్డు మీంచి కూడా నీళ్లు కనిపిస్తాయి. రెండోది వీధి కుక్కలు. కట్ట దిగే చోట, చెత్త వేసే చోట గుంపులుంటాయి, వాటి ఇలాకాలోకి మన కుక్క వస్తే ఊరుకోవు. పూర్తిగా తెల్లవారాక బయల్దేరండి, గుంపు కనిపిస్తే అవి లేవకముందే వెనక్కి తిరగండి, పరిగెత్తొద్దు. చిన్న కుక్కైతే ఎత్తుకోవాలనిపిస్తుంది, కానీ అలా ఎత్తుకుంటే అవి మీ మీదికే ఎగబడొచ్చు, మీ వెనక్కి తెచ్చుకుని మీరు అడ్డంగా నిలబడటం మేలు.

భద్రకాళి చెరువును 2024 చివర్లో పూడికతీత కోసం ఖాళీ చేశారు. నీళ్లు ఎంత ఉన్నాయన్నదాన్ని బట్టే అక్కడ ఏ పిట్టలు దిగుతాయో మారుతుంది, నిండా ఉంటే బాతులు, నీటికాకులు, తగ్గి బురద తేలితే కొంగలు, ఉల్లంకులు. వెళ్లేముందు ఒకసారి రోడ్డు మీంచి చూసుకోండి.

కుక్కను మాత్రం ఏ ఊరి చెరువులోనూ దింపొద్దు. మురుగు కలిసే నీళ్లు, ఎండాకాలం పచ్చగా నాచు పట్టే నీళ్లు తాగితే కుక్క ప్రాణం మీదికి వస్తుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ మనుషులకూ సోకుతుంది. ఇంటి నుంచే ఒక సీసా నీళ్లు, ఒక గిన్నె పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

కోట మట్టిగోడ

ఖిలా వరంగల్‌లో కీర్తి తోరణాలున్న టికెట్ ప్రాంగణం కుక్కల చోటు కాదు, అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, అక్కడికి తీసుకెళ్లే ఆలోచనే వద్దు. నేను చెప్పేది రాతికోట బయటి అగడ్త వెంబడి దారులు, ఇంకా బయటికి మట్టికోట గోడల వైపు ఉన్న తుమ్మలు, వేపలు, పొలాల దారుల గురించి. అగడ్తలో నీళ్లున్న చోట లకుముకి పిట్ట తప్పకుండా ఉంటుంది. రాతిగోడ సందుల్లో చిలుకలు, గోరింకలు గూళ్లు పెడతాయి, పొద్దు పొడిచే వేళ చిన్న గుడ్లగూబ ఒకటి గోడ మీద ఎండకు కూర్చుని మీ వైపే తల తిప్పి చూస్తుంటుంది. ఇక్కడ ఎత్తు మన పక్షాన పని చేస్తుంది, పిట్టలు గోడ పైన, కుక్క కింద.

చరిత్ర, పిట్టలు, నడక మూడూ కావాలనుకునేవాళ్లకు ఇది బాగుంటుంది, చిన్న పిల్లలను కూడా వెంట తీసుకెళ్లొచ్చు. కానీ ఊరి మధ్యలో చోటు, బర్రెలు, మేకలు, కోళ్లు అన్నీ దారిలోనే ఉంటాయి. కోడిని చూస్తే ఆగని కుక్కైతే ఇక్కడికి తేవద్దు. కోతులు కూడా ఉంటాయి, కోతికీ కుక్కకూ పడదని అందరికీ తెలిసిందే. గుంపులో పెద్ద మగకోతి కరిస్తే గాయం లోతుగా పడుతుంది, కుక్కకైనా మనిషికైనా.

పొలాలు, చెరువు శిఖం, అడవి అంచు

నా ఓటు దీనికే. ధర్మసాగర్ వైపు గానీ, దేవునూరు వైపు గానీ, మీ సొంతూరు ఏదైనా గానీ, చెరువు కట్ట ఒక వైపు, వరి మళ్లు ఒక వైపు, దూరంగా గుట్టల అడవి మొదలయ్యే చోటు. ఉత్తర తెలంగాణలో ఇలాంటి చోటు లేని మండలం ఉండదు. కరీంనగర్ వాళ్లకు లోయర్ మానేరు డ్యామ్ వెనక వైపు నీళ్ల అంచులు ఉన్నాయి, ములుగు, భూపాలపల్లి వాళ్లకు ఊరు దాటితే చాలు. ధర్మసాగర్ చెరువుకు దేవాదుల ఎత్తిపోతల నీళ్లు వస్తాయి కాబట్టి చుట్టుపక్కల చిన్న కుంటలు ఎండిపోయే రోజుల్లో కూడా అక్కడ పక్షులకు ఆధారం ఉంటుంది.

ఇలాంటి దారిలో ఒక గంట నడిస్తే మూడు రకాల పిట్టలు కలుస్తాయి. నీటి మీద బాతులు, నత్తలు ఏరుకునే ఓపెన్‌బిల్ కొంగలు. పొలం మీద, తీగల మీద పాలపిట్ట, తోక చీలిన నల్లటి ఏట్రింత, గాలిలోకి ఎగిరి ఈగను పట్టి మళ్లీ అదే తీగ మీద వాలే పచ్చటి బీ-ఈటర్లు. అడవి అంచు చెట్ల మీద వడ్రంగి పిట్ట, టుక్ టుక్ మంటూ కంసాలి పిట్ట, చలికాలంలో పసుపుపచ్చగా మెరిసే వంగపండు పిట్ట. ఒంటి తాటిచెట్టు కనిపిస్తే ఆగండి. దాని ఆకులకు గిజిగాళ్లు గూళ్లు వేలాడదీసి ఉంటాయి, ఆకు అడుగున స్విఫ్ట్ పిట్టలు గూడు పెట్టుకుని ఉంటాయి, పైన డేగ కాపు కాసి ఉంటుంది.

ఇక్కడ నడక కంటే ఆగడం ఎక్కువ పని చేస్తుంది, కుక్క ఉన్నవాళ్లకు మరీను. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ పూసిన చెట్టు ఒకటి చూసుకుని, దానికి ముప్పై నలభై అడుగుల దూరంలో ఒక గోనెపట్టా పరిచి, కుక్కను దాని మీద పడుకోబెట్టి కూర్చోండి. మొదటి పది నిమిషాలు ఏమీ రాదు, ఓపిక పట్టండి. తర్వాత ఒక్కొక్కటీ తిరిగి వస్తాయి, తేనెపిట్టలు, చిలుకలు, గోరింకలు, ఏట్రింతలు, వలస వచ్చిన గులాబీ గోరింకల గుంపు దిగితే చెట్టంతా ఒక్కసారి గోలగోల అయిపోతుంది. బూరుగు పూసినా ఇంతే. గోనెపట్టా మీద పడుకోవడం ఇంట్లోనే నేర్పించండి, రోజూ అన్నం తర్వాత దాని మీదే పడుకోబెట్టి కాసేపు వదిలేస్తే రెండు మూడు వారాల్లో పట్టా పరవగానే తనే వచ్చి పడుకుంటుంది. పిట్టలు చూసేవాళ్ల కుక్కకు ఇంతకంటే పనికొచ్చే విద్య లేదు.

ఈ అంచుల్లో ఒక్క జాగ్రత్త తప్పనిసరి, లీష్ విప్పొద్దు. చుట్టూ ఖాళీగా ఉంది, ఎవరూ లేరు, కాసేపు పరిగెత్తనిద్దాం అనిపించేది సరిగ్గా ఇక్కడే. మార్చి నుంచి వానాకాలం దాకా తీతువులు ఈ ఖాళీ నేల మీదే గుడ్లు పెడతాయి. గూడంటూ ఏమీ ఉండదు, కంకరలో చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు, మట్టి రంగు మీద నల్లటి మచ్చలతో, పక్కనున్న రాళ్లకూ వాటికీ తేడా మనిషి కంటికి అంత తొందరగా చిక్కదు. కుక్క ముక్కుకు మాత్రం తెలిసిపోతుంది. తీతువు మీ తల మీద తిరుగుతూ గొంతు చించుకుని అరుస్తోందంటే మీరు గుడ్లకు దగ్గరగా ఉన్నట్టే, వెతకొద్దు, వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. ఎండలో తల్లి గుడ్ల మీద నీడగా నిలబడకపోతే అవి ఉడికిపోతాయి, మీరు అక్కడ ఫోన్‌తో ఫోటో తీసే అయిదు నిమిషాలు కూడా వాటికి ఎక్కువే. చట్టం కూడా దీన్ని చిన్న విషయంగా చూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కలిసి ఉన్నాయి.

రెండో కారణం ఇంకా భయంకరమైంది. అడవి పందుల కోసం పొలాల అంచుల్లో, అడవి దారుల్లో కొందరు కరెంటు తీగలు పెడతారు, ఉచ్చులు బిగిస్తారు, ఇంకొందరు పిండిలోనో కొవ్వులోనో చుట్టిన నాటు బాంబులు పడేస్తారు. ఆ తీగలకు మన జిల్లాల్లో పశువులు, మనుషులు, చివరికి పులులు కూడా చనిపోయాయి. నాటు బాంబును కుక్క తినేదనుకుని కొరికితే దవడ మిగలదు. అందుకే పూర్తిగా తెల్లవారకముందు పొలం గట్లెక్కొద్దు, ఎదురైన రైతునో జీవాలు కాసే పెద్దాయననో ఆగి అడగండి, "బాపూ, అటు పోవచ్చునా?" అని. "అటు పోకు బిడ్డా, తీగ పెట్టిన్రు" అని చెప్పగలిగేది వాళ్లే, ఏ యాప్‌లోనూ ఆ సంగతి ఉండదు. కింద పడి ఉన్నది ఏదీ తినకుండా "వదిలెయ్" అంటే వదిలేసేలా కుక్కకు నేర్పించాకే ఈ వైపు రండి.

ఇనుపరాతి గుట్టల లాంటి అడవి లోపలి దారులు

అడవి అందంగా ఉంటుంది, నాకు ఇష్టం, కాదనను. టేకు, తునికి, మద్ది చెట్ల మధ్య పొద్దున్నే వినిపించే పిట్టల గోల ఏ చెరువు కట్ట మీదా దొరకదు. కానీ కుక్కతో మాత్రం ఇది చివరి ఎంపిక. నేల మీద బతికేవన్నీ ఇక్కడే ఉన్నాయి, నెమలి, కౌజు, పూరేడు, ఎండుటాకుల మీదే గుడ్లు పెట్టి వాటి రంగులోనే కలిసిపోయి కూర్చునే నైట్‌జార్. మధ్యలో నీళ్లు లేవు, ఎత్తు లేదు, దూరం లేదు. సిడ్నీ లెక్కలు సరిగ్గా ఇలాంటి చోటివే.

పైగా రాతి గుట్టలున్న చోట ఎలుగుబంటి ఉండొచ్చు. ఒంటరి మనిషి అలికిడి చేస్తూ నడిస్తే ఎలుగు చాలావరకు తనే తప్పుకుంటుంది, కుక్క మొరిగితే మాత్రం కుక్క వెంట పడుతుంది, కుక్క పారిపోయి వచ్చేది నేరుగా మీ దగ్గరికే. చిరుత ఉన్న చోటైతే కుక్క దానికి ఇష్టమైన తిండి. ఇంకో సంగతి, రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లడమే నేరం, కుక్క ఉన్నా లేకపోయినా. ఊళ్లను కలిపే తారు రోడ్డు, బండ్ల బాట దాటి లోపలికి వెళ్లాలంటే ముందు అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అడగండి, బీట్ ఆఫీసర్ ఎవరో తెలుసుకోండి. వాళ్లు వద్దంటే వద్దనే.

మార్చి, ఏప్రిల్‌లో ఇప్ప పువ్వు ఏరేవాళ్లు, ఏప్రిల్ చివరి నుంచి తునికాకు కోసేవాళ్లు చీకటితోనే అడవిలో ఉంటారు. ఆడవాళ్లు, పిల్లలు కింద కూర్చుని పని చేసుకుంటున్న చోటికి తెలియని పెద్ద కుక్క వస్తే ఎంత హడలిపోతారో ఆలోచించండి. ఆ రోజుల్లో మన సరదా వాళ్ల కూలికి అడ్డం కాకూడదు.

అయినా గుట్టల గాలి కావాలంటే, అడవి మధ్యలోంచి పోయే ఊరి రోడ్డు మీద, పొట్టి లీష్‌తో, రోడ్డు దిగకుండా ఒక కిలోమీటరు నడిచి వెనక్కి రండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అది కూడా వద్దు, నెమళ్లు గుడ్ల మీద ఉండే కాలం.

పాకాల, ఏటూరునాగారం

ఇక్కడ పోలికకు తావే లేదు, కుక్కను ఇంట్లోనే ఉంచండి. రెండూ వన్యప్రాణి అభయారణ్యాలు. గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాల చెరువు గట్టు మీద నిలబడి చుట్టూ అడవిని చూస్తుంటే మనసు నిండిపోతుంది, ఆ అనుభవానికి కుక్క అక్కర్లేదు. పిట్టలు బెదరడం ఒక్కటే కాదు ఇక్కడి సమస్య, రోగాలు. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ అడవి జంతువులకు అంటితే మందు లేదు, 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో సింహాలు ఆ వైరస్‌తో చనిపోయాయి. మీ కుక్కకు టీకాలు వేయించి ఉండొచ్చు, అయినా దాని వాసన, మలమూత్రాలు అడవిలో వదిలి రావడం మంచిది కాదు. కార్లో ఉంచి వెళ్తాం అనే ఆలోచన అంతకంటే ప్రమాదం, అద్దాలు కొంచెం దించినా సరే, ఎండకు కారు లోపల వేడి నిమిషాల్లో పెరిగి కుక్క చచ్చిపోతుంది.

ఎవరికి ఏది

వారానికి ఒక్క పొద్దునే ఖాళీ దొరుకుతుందా, కుక్కకూ అదే ఒక్క పెద్ద నడకా? అయితే పొలాల దారి. రోజూ అరగంట మాత్రమే దొరికితే దగ్గరి చెరువు కట్ట, అదే కట్ట మీద ఏడాది పొడుగునా రాసుకుంటూ పోతే ఏ నెల ఏ పిట్ట వస్తుందో, ఏది ఎప్పుడు పోతుందో మీకే తెలిసిపోతుంది, ఒక్కసారి దూరం వెళ్లి వచ్చినదానికంటే అదే ఎక్కువ నేర్పిస్తుంది. టీకాలు పూర్తి కాని పిల్ల కుక్క ఉంటే ఎక్కడికీ వద్దు, మేడ మీదే కూర్చోండి, రామచిలుకలు, గువ్వలు, తేనెపిట్టలు ఇంటి దగ్గరా ఉంటాయి.

కుక్క రకాన్ని బట్టి కూడా మారుతుంది. లాబ్రడార్‌కు నీళ్లంటే పిచ్చి, చెరువు అంచున పట్టుకోవడం కష్టం, దాన్ని కట్ట పై నుంచే నడిపించండి. బీగిల్ ముక్కును నమ్ముకుని పోయే కుక్క, చెవులపిల్లి వాసన తగిలితే మీ మాట వినపడదు, దానికి పొలాల దారి కంటే కోట దారి మేలు. బొచ్చు కుక్కలను మార్చి నుంచి జూన్ వరకు ఏడున్నరకల్లా ఇంటికి చేర్చండి. మన ఊరి కుక్కను పెంచుకున్నవాళ్లు అదృష్టవంతులు, ఎండను తట్టుకుంటుంది, నడకకు అలవాటు పడుతుంది, కాకపోతే వేరే కుక్కల ఇలాకా గొడవలు దానికే ఎక్కువ.

బైనాక్యులర్ కొనేటప్పుడు 10×42 కంటే 8×42 తీసుకోండి. ఒక చేతిలో లీష్ ఉన్నప్పుడు ఇంకో చేత్తో పట్టుకుంటే పదింతలు పెద్దది చేసే దానిలో బొమ్మ వణుకుతుంది, ఎనిమిదింతలదానిలో అంత ఉండదు, చూపు కూడా వెడల్పుగా ఉండి పిట్ట తొందరగా దొరుకుతుంది. లీష్ విషయానికొస్తే, కట్ట మీద ఆరు అడుగులది, పొలాల్లో పదిహేను అడుగులది. బటన్ నొక్కితే సాగే రకం వద్దు, దాని సన్నటి తాడు తుమ్మ ముళ్లకు చుట్టుకుంటుంది, కుక్క ఒక్కసారిగా లాగితే చేయి కోసుకుపోతుంది. మెడ పట్టీ కాకుండా ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడండి. నడుముకు కట్టుకునే లీష్ రెండు చేతులూ ఖాళీగా ఉంచుతుంది కానీ చిన్న కుక్కలకే, ముప్పై కిలోల కుక్క కుందేలును చూసి దూకితే మీరు బోర్లా పడతారు. మెర్లిన్ యాప్ కూత విని పేరు చెప్తుంది, నేర్చుకోవడానికి మంచిది, కానీ రికార్డు చేసిన కూతను అక్కడే వినిపించి పిట్టను పిలవొద్దు, గూటి కాలంలో అది వాటికి నిజమైన ఒత్తిడి.

జనవరిలో ఆరు ముప్పావు దాకా పొద్దు పొడవదు, మంచు ఉంటే ఇంకా ఆలస్యం, తొందరపడి చీకట్లో వెళ్లొద్దు. చలి పొద్దుల్లో రక్తపింజర ఎండ కోసం దారి మీదికి వచ్చి చుట్ట చుట్టుకుని కదలకుండా ఉంటుంది, కుక్క ముక్కు ముందు పెట్టేది దాని దగ్గరే. కాటు పడితే కట్లు కట్టడాలు, కోయడాలు వద్దు, కుక్కను నడిపించకుండా ఎత్తుకుని నేరుగా పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి, మనుషులకిచ్చే యాంటీవీనమ్ మందే కుక్కలకూ పని చేస్తుంది. ఏ డాక్టరు దగ్గర అది ఉంటుందో, పొద్దున్నే ఎవరు తలుపు తీస్తారో బయల్దేరే రోజు కాదు, ముందే కనుక్కుని ఉంచుకోండి. మే నెలలో అయిదున్నర దాటగానే వెలుతురు వచ్చేస్తుంది, ఎనిమిదికల్లా ముగించండి. తారు రోడ్డు మీద మీ అరచేతి వెనక వైపు ఆనించి ఏడెనిమిది సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా కాలతాయి.

ఇంటికి రాగానే స్నానం కాదు, ముందు పిడుదుల కోసం చూడాలి, మన వైపు గోమార్లని కూడా అంటారు. చెవి మడత లోపల, మెడ పట్టీ కింద, చంకల్లో, తోక మొదట్లో, అన్నిటికంటే ముఖ్యంగా కాలివేళ్ల మధ్య. వేళ్లను ఒక్కొక్కటే విడదీసి చూడండి, ఆవగింజంత నల్లగా ఉన్నది మట్టి అనుకుని వదిలేస్తే రెండు రోజులకు అది రక్తం తాగి బొబ్బర్ల గింజంత అవుతుంది. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయొద్దు, సన్నటి చిమటాతో చర్మానికి ఆనించి పట్టి నిలువుగా, మెల్లగా లాగి స్పిరిట్‌లో వేయండి. పల్లేరు కాయలు, గడ్డి ముళ్లు కూడా ఇక్కడే ఇరుక్కుంటాయి. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో కుక్క తిండి మానేసినా, జ్వరం వచ్చినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా ఆగకుండా డాక్టరుకు చూపించి, అడవి వైపు తిరిగామని చెప్పి, పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా జబ్బు కోసం రక్త పరీక్ష అడగండి. మొదట్లోనే పట్టుకుంటే మాత్రలతో నయమయ్యే జబ్బే అది.